పందుల డబ్బాలో చెరుకు బండి

దేవిదాస్‌కు రెండు సందర్భాల్లో కోపం ఆగదు. టీ చల్లారాక తెచ్చిస్తే ఒకటి, "ఇది ఇక బాగుకాదు, కొత్తది కొనుక్కోండి" అని ఏ మెకానిక్కైనా అన్నట్టు తెలిస్తే రెండోది. మొదటి కోపం మళ్ళీ వేడి టీ వచ్చేదాకానే. రెండోది వారం దాకా ఉంటుంది. ఆ వారంలో దుకాణం మెట్టెక్కిన ప్రతివాడూ దాన్ని వినాల్సిందే.

"సచ్చిందని చెప్పనీకి మెకానిక్ ఎందుకన్నా? గా ముక్క పంచాయితీ సెక్రటరీ గూడ రాసిస్తడు" అంటాడు.

ఆ దుకాణం నిజామాబాద్‌లో వర్ని చౌరస్తా దాటాక, మిర్చి బజ్జీల బండికీ మొబైల్ కవర్లు అమ్మే గదికీ నడుమ ఇరుక్కుని ఉంటుంది. బోర్డు మీది టీవీ బొమ్మకు వెనక పెద్ద వీపు కూడా ఉంటుంది, అది గీయించి ఎన్నాళ్ళయిందో దాన్ని బట్టే తెలుస్తుంది. లోపల ఒక మనిషి నిలబడితే రెండో మనిషి గుమ్మంలో ఆగిపోవాలి. భార్య ధనలక్ష్మి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, ఆ గుమ్మంలోంచే అందించి పోతుంది. "నోరు తక్కువ చేసి చెయ్యి ఎక్కువ ఆడిస్తే మనం ఎప్పుడో బాగుపడుతుంటిమి" అన్నది ఆమె అభిప్రాయం. దేవిదాస్ దీన్ని ఒప్పుకోడు. మాట ఆగితే తనకు సోల్డరింగ్ కూడా ఆగుతుందంటాడు. అందులో అబద్ధం లేదు.

ఆయన పుట్టింది జక్రాన్‌పల్లిలో, పసుపు పండించే ఇంట్లో. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంటిల్లిపాదీ కడాయిల దగ్గర పొగకు కళ్ళు నలుపుకుంటుంటే, ఈయన గట్టు మీద కూర్చుని తండ్రి రేడియోను విప్పి ముక్కలు ముక్కలుగా పరిచేవాడు. బాపు వచ్చి రెండు అంటించేవాడు. తిరిగి బిగించాక రేడియో పాడితే ఊరుకునేవాడు, పాడకపోతే ఇంకో రెండు అంటించేవాడు. అలా నేర్చుకున్న విద్య కాబట్టి తొందరగానే పట్టుబడింది.

తరువాత టీవీలు వచ్చాయి. పట్టణంలో దేవిదాస్ ఎక్కని డాబా లేదు. పైన ఆయన యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా" అని అరవడం, కింద ఇంటివాళ్ళు "వచ్చింది, వచ్చింది, అరె పోయింది" అని అరవడం. సగం ఊరికి ఆయన ముఖం కన్నా గొంతే ముందు పరిచయం. ఆ తరువాత రంగుల టీవీలు, కేబుల్, డిష్, చివరికి గోడకు అతుక్కునే పలచటి టీవీలు. వీటితోనే ఆయనకు పేచీ. విప్పితే లోపల రెండు బోర్డులూ ఒక అద్దమూ తప్ప ఏమీ ఉండదు. బోర్డు పోతే బోర్డు మార్చాలి, అద్దం పోతే టీవీనే మార్చాలి. ఇందులో తన పని ఏముందో ఆయనకు అర్థం కాలేదు.

ఆ దిగులులో ఉండగా శ్రావణ్ అనే బ్యాంకు ఉద్యోగి, అటక దులుపుతుంటే దొరికిందని ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. అది ఎనభైల నాటిది. అప్పట్లో ఇళ్ళల్లో వాడే కంప్యూటర్లకు సొంత తెర ఉండేది కాదు. మీటల పలకలోనే యంత్రమంతా ఉండేది, దాన్ని ఇంట్లో ఉన్న టీవీకి యాంటెన్నా గుచ్చే చోట గుచ్చుకోవాలి. ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్లలోనే దాచుకోవాలి. ఇప్పటి టీవీకి గుచ్చితే మాత్రం నీలం తెర మీద "నో సిగ్నల్" అని వస్తుంది, అంతే. పాత టీవీలేమో పాత సామాన్ల వాళ్ళు ఎప్పుడో ఎత్తుకుపోయారు.

దేవిదాస్ దాన్ని విప్పాడు. లోపల స్క్రూలున్నాయి, కంటికి కనిపించేంత భాగాలున్నాయి, వేలు పెట్టడానికి చోటుంది. తప్పిపోయిన చుట్టం ఇంటికొచ్చినంత సంబరపడ్డాడు.

"గీ రేకు డబ్బ ఉన్నది సూడు శ్రావణ్. బొమ్మ మంచిగనే పుడుతున్నది. గీ డబ్బలకు పోయినంక దాన్ని స్టేషన్ లెక్క గాలి పాట జేసి పంపుతున్నది. గా పాట కొత్త టీవీకి సమజైతలేదు. డబ్బలకు పోకముందే బొమ్మను దొర్కవట్టి, సీద టీవీ సైడుకు 'ఏవీ' అని రాసున్న బొక్కల వెడితే బరాబర్ వస్తది."

వచ్చింది. శ్రావణ్ ఆ ముచ్చటను ఫోటోలతో సహా తన స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అప్పటి నుంచి హైదరాబాద్ నుంచీ నాందేడ్ నుంచీ కూడా అటకల మీది సామాను దేవిదాస్ దుకాణానికి రావడం మొదలైంది. కొత్త టీవీ పక్కన పాత కంప్యూటర్ పెట్టి, ఒకదాని భాష ఇంకోదానికి చెప్పడమే తన పని అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. "ఇప్పటిదాకా నా కాడికొచ్చి బొమ్మ రాకుండ వాపసు వోయింది లేదు" అన్నది కూడా చెప్పుకున్నాడు. ఈ మాటే ఆయన్ను కోటగిరి దాకా లాక్కుపోయింది.

ఫోన్ చేసింది విజయశ్రీ అనే ఆవిడ. కోటగిరి దగ్గర ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ క్యాంపులో ఉంటారు. తణుకు వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఈ కాలువ కింది పొలాల్లోకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటిపోయింది. ఇప్పుడు పొలం అమ్మేశారు. ఉన్న కొద్ది చెరుకూ కోయించేసి, వచ్చే ఆదివారం తిరిగి తణుకు వెళ్ళిపోతున్నారు.

"మా హన్మక్క నన్ను అబద్ధాలకోరంటుందండీ. అప్పటి నుంచీ ఇప్పటిదాకా అదే మాట. వెళ్ళేలోపు ఆ మాట తుడుపుకోవాలి. మీరు పాత కంప్యూటర్లు టీవీలో తెప్పిస్తారట కదా."

విషయం ఏమిటంటే, విజయశ్రీకి పెళ్ళిలో ఓడల్లో పనిచేసే మేనమామ ఒక కంప్యూటర్ కానుకగా ఇచ్చాడు. చిన్నది, నల్లటిది, రబ్బరు మీటలది. ఇంటర్‌లో లెక్కలు చదివిన పిల్ల కదా అని ఇచ్చాడు. కొత్త కోడలుగా క్యాంపుకు వచ్చి, పుస్తకం చూసుకుంటూ ఆమె దాని మీద ఒక ఆట రాసింది. పొలం నుంచి చెరుకు బండి బోధన్ ఫ్యాక్టరీకి బయలుదేరుతుంది. దారికి రెండు పక్కల నుంచీ పిల్లలు పరిగెత్తుకొచ్చి గడలు లాగేస్తుంటారు. వాళ్ళను అదిలిస్తూ, ఒక్క గడైనా మిగిలి ఉండగా బండిని ఫ్యాక్టరీ గేటులోకి తోలాలి. ఆ రోజుల్లో బోధన్ దారిలో ఏ బండివాడిని అడిగినా ఇదే కథ చెప్పేవాడు. ఆ చెరుకు తినని పిల్లవాడూ ఉండేవాడు కాదు. దేవిదాస్ కూడా మేనత్త ఇంటికి వచ్చినప్పుడు లాగినవాడే.

ఆ ఆటను రోజూ ఆడినది హన్మవ్వ, విజయశ్రీ చెప్పిన హన్మక్క ఆమే. క్యాంపుకు ఆనుకుని ఉన్న ఊరిలో రైతు ఇల్లు వాళ్ళది. మొగుడికి జ్వరమొస్తే నిజం బండిని తానే తోలుకుని ఫ్యాక్టరీ దాకా పోయిన మనిషి. ఎంత ఆడినా ఆమెకు గేటు రాలేదు. గేటే లేదు, నువ్వు నన్ను ఏమారుస్తున్నావు అని ఆమె, ఉందక్కా, నీకే చేతకావట్లేదు అని విజయశ్రీ. ఇద్దరి మధ్యా ఈ తగాదా అలాగే ఉండిపోయింది. ఇంతలో ఇంట్లో టీవీ పోవడం, పిల్లలు పుట్టడం, కంప్యూటర్ ట్రంకు పెట్టెలోకి చేరడం జరిగాయి.

"గేటు సూపియ్యాలె, గంతే గద మేడం. ఎల్లుండి పొద్దుగల్ల నేనే వస్త" అన్నాడు దేవిదాస్.

స్కూటర్ మీద బోధన్ దాటి ఆయన చేరేసరికి ఇల్లు సగం మూటల్లో ఉంది. మంచాలు విప్పేశారు. గోడకు పెద్ద టీవీ ఒక్కటే మిగిలింది. విజయశ్రీ భర్త వెంకట్రావు గారు ఒక అట్టపెట్టె మీద కూర్చుని, తాడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి అందరినీ తిడుతున్నారు. ఆ అందరూ అంటే విజయశ్రీ ఒక్కతే.

కంప్యూటర్‌ను విప్పగానే మీటల కింది పలచటి రిబ్బను చివర పెళుసెక్కి విరిగింది. దేవిదాస్ ఆ విరిగిన అంచును కత్తెరతో తీసేసి, మిగిలిన దాన్ని మళ్ళీ లోపలికి దూర్చాడు. రేకు డబ్బా తెరిచి, బొమ్మ తీగను నేరుగా బయటికి తెచ్చాడు. టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్ ఉంది. పసుపులో పెడితే బొమ్మ రావాలి. రాలేదు.

వెంకట్రావు గారు అట్టపెట్టె మీద నుంచే "పాతదయ్యా బాబూ, అది పోయుంటుంది" అన్నారు.

దేవిదాస్ ముక్కు ఎర్రబడింది. "పోలేదు సార్. గీ టీవీల చిన్న బొక్క ఉన్నది సూసిన్రా, దాంట్ల లోపల తీగలు ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగుంటది. రంగులు నమ్మితే ఆగమైతం" అని చెప్పి, పసుపుది తీసి ఎర్ర పిన్నులో పెట్టాడు. తెర తెల్లగా వెలిగింది. కింద అంచున చిన్న నల్లటి అక్షరాల్లో కంపెనీ పేరూ, సంవత్సరమూ.

విజయశ్రీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. "బానే ఉందండీ ఇది" అంది, ఊళ్ళో పాత స్నేహితురాలి గురించి చెప్పినట్టు.

"ఇగ క్యాసెట్ తెండ్రి మేడం."

ఆమె క్యాసెట్ డబ్బా తెచ్చింది. పైన ఆమె చేతిరాతతో 'చెరుకు బండి' అని ఉంది. తెరిస్తే లోపల ఖాళీ. ఆమె డబ్బాను తిరగేసి దులిపింది. ట్రంకు పెట్టెలో మళ్ళీ వెతికింది. తరువాత నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. ఆయన అప్పటిదాకా వెతుకుతున్న తాడు ఉన్నట్టుండి దొరికినట్టు, కిందికి వంగి ఏదో చూడసాగారు.

"ఏవండీ."

"పాటలేమీ లేవు కదే దాంట్లో" అన్నారు వెంకట్రావు గారు, వంగే ఉండి. "పెట్టి చూస్తే కీచు కీచుమని ఒకటే గోల. పాడైపోయిందనుకున్నా."

"పాడైపోయిందని ఏం చేశారు?"

అప్పుడు బయటపడింది. పోయినేడు చెరుకులో అడవి పందులు పడ్డాయి. చుట్టూ రైతులంతా పొలాల్లో మైకు డబ్బాలు కట్టారు. రాత్రుళ్ళు మనుషుల అరుపులూ కుక్కల మొరుగుళ్ళూ వేస్తే పందులు రావని అందరి నమ్మకం. నాలుగు రోజులకు పందులు వాటికి అలవాటు పడిపోయాయి. వెంకట్రావు గారికి ఈ క్యాసెట్ గుర్తొచ్చింది. ఇంట్లో మనుషులకే చెవులు పగిలాయి కదా, పందులు ఆగుతాయా అనుకున్నారు. టేపు రికార్డర్‌ను మైకుకు తగిలించి వేశారు. పందులు ఆగలేదు, పక్క పొలంలోకి పోయాయి. పక్క పొలం రైతు కూడా అడిగి పట్టుకుపోయాడు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగి, కడకు టేపు నలిగి, తెగి, కాలువ గట్టు తుమ్మకొమ్మకు దండలా వేలాడింది.

విజయశ్రీ మూటల మధ్య కూలబడింది. ఆమె అరిచి ఉంటే బాగుండునని దేవిదాస్‌కు అనిపించింది. బొమ్మ తెప్పించాడు, కానీ చూపించడానికి ఆ బొమ్మలో ఏమీ లేదు. వాపసు పోయింది లేదన్న గొప్ప ఇక్కడితో సరి అనుకుని కేబుల్ చుట్టడం మొదలుపెట్టాడు.

"పందులతో మళ్ళీ కష్టమవుతుందని కోటగిరిలో మెమరీ కార్డులో ఎక్కించానే" అన్నారు వెంకట్రావు గారు. "తెగకముందే."

దేవిదాస్ చెయ్యి ఆగింది. "ఏం ఎక్కించిన్రు సార్?"

"ఆ గోలే. మొబైల్ షాపులో వైరు పెట్టి ఎక్కించిచ్చాడు. క్యాసెట్టు రోజూ తిప్పెయ్యడం ఎవడి వల్ల అవుతుంది? ఇప్పుడు పొలంలో మైకు డబ్బాలో కార్డే ఉంది."

దేవిదాస్ ఒక్క క్షణం ఆయన్ను చూశాడు. తరువాత స్కూటర్ తాళం తీసి, "ఎక్కుండ్రి" అన్నాడు.

పొలం గట్టున వెదురు బొంగుకు కట్టిన పసుపు రంగు మైకు డబ్బాను, బ్యాటరీతో సహా, వెంకట్రావు గారు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నారు. దారిలో ఒక రైతు ఆపి, "ఏం పటేలా, పందులు ఇంట్ల జొర్రినయా" అని అడిగాడు. దేవిదాస్ హారన్ కొట్టి ముందుకు పోనిచ్చాడు.

కార్డులోది క్యాసెట్‌లోని పాటే, తేడా లేదు. ఆ పాత కంప్యూటర్లు ప్రోగ్రామును అలా కీచుమనే శబ్దంగానే వింటాయి. దేవిదాస్ ముందుగా కార్డును తన ఫోన్‌లో పెట్టి కంప్యూటర్‌కు వినిపించాడు. ఫోన్ గొంతు దానికి చాలలేదు. అప్పుడు మైకు డబ్బా స్పీకర్ తీగలనే తెచ్చి, కంప్యూటర్ చెవి బొక్కలో గుచ్చి, వాల్యూమ్ తిప్పాడు. మొదట వెంకట్రావు గారి "హోయ్ హోయ్, పో" అన్న అరుపు వచ్చింది. మొబైల్ షాపువాడు అడిగాడని అది కూడా ఎక్కించారట. కంప్యూటర్ ఆ అరుపును పట్టించుకోలేదు. దాని వెనకే కీచు మొదలైంది. తెర అంచుల్లో ఎరుపూ నీలమూ చారలు పరిగెత్తాయి. వాకిట్లో కట్టేసి ఉన్న కుక్క లేచి మొరిగింది. మొదటిసారి మధ్యలో తప్పు చూపించి ఆగిపోయింది, రెండోసారీ అంతే. దేవిదాస్ వాల్యూమ్ వెంట్రుకవాసి తగ్గించి, ఎవరినీ కదలొద్దని చెప్పి, ధనలక్ష్మి చూస్తే నమ్మనంత సేపు నోరు మూసుకుని కూర్చున్నాడు.

చారలు ఆగాయి. కింద 'ఓకే' అని వచ్చింది.

వెంకట్రావు గారు ఈల వేశారు. "చూశావా? పోగొట్టిందీ నేనే, దాచిందీ నేనే" అన్నారు. విజయశ్రీ ఆయన వైపు చూసిన చూపుకు మళ్ళీ తాడు వెతకడానికి బయటికి వెళ్ళిపోయారు.

ఆట మొదలుపెడుతుందేమోనని దేవిదాస్ చూశాడు. ఆమె ఆట మొదలుపెట్టలేదు. ఇంకో మీట నొక్కింది. తెర నిండా లైన్ల కింద లైన్లుగా తాను రాసిన ప్రోగ్రాము వచ్చింది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, వేలితో గాలిలో లైన్లు చదువుకుంటూ కిందికి వచ్చి, ఒక చోట ఆగింది.

"ఆడరా మేడం?"

"ఆడేముందు ఒక పనుందండీ. గేటు కట్టాలి."

దేవిదాస్‌కు సమజు కాలేదు. ఆమె గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"గేటు లేదండీ దీంట్లో. హన్మక్క చెప్పిందే నిజం. నేనే రాయలేదు." వేలు ఇంకా తెర వైపే ఉంది. "ఇదిగో ఈ లైను. బండి ఇక్కడికి రాగానే మళ్ళీ వెనక్కి పంపేస్తుంది. ఎంత తోలినా దారి అలా వస్తూనే ఉంటుంది."

"ఎందుకట్ల?"

"కొత్తగా వచ్చాను. మా యాసకి ఇక్కడోళ్ళు నవ్వేవాళ్ళు, ఇక్కడి మాట నాకు తెలిసేది కాదు. ఈయనేమో పొద్దస్తమానం పొలంలోనే. హన్మక్క ఒక్కతే ఈ ఆట కోసం రోజూ వచ్చేది. గేటు పెడితే ఒకరోజు చేరిపోతుంది కదా. చేరిపోతే మర్నాడు ఎందుకొస్తుంది?" ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇవాళ సాయంత్రం వస్తానంది. ఆ అబద్ధాన్ని అలాగే వదిలి వెళ్ళిపోలేనండీ. అక్క వచ్చేలోపు గేటు కట్టేయాలి."

అప్పటిదాకా దేవిదాస్ ఒక ఆటను చూపించడానికి వచ్చాననుకున్నాడు. ఇప్పుడు చొక్కా చేతులు పైకి మడిచాడు. విజయశ్రీ రాయసాగింది. వేళ్ళు మీటలను మర్చిపోలేదు, రిబ్బను మాత్రం రెండుసార్లు మొరాయించింది. ఆయన దాన్ని వేలితో నొక్కిపట్టి, వంగి నిలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం కూడా అలాగే తిన్నారు, ఆమె కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో నొక్కుతూ. బండిని వెనక్కి పంపే లైను తీసేసింది. దాని బదులు రెండు స్తంభాలు, మధ్యలో చువ్వల గేటు, పైన ఇంగ్లీషు అక్షరాల్లో 'బోధన్'. అసలు ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది, దాని గేటు తుప్పు పట్టింది. ఈ గేటుకు మాత్రం ఇంకా రంగు తడి ఆరలేదు.

ఎండ వాలుతుండగా హన్మవ్వ వచ్చింది. పొడుగు మనిషి, నడుం కొంచెం వంగింది. గుమ్మంలోనే మూటలను చూసి, "మొత్తం గట్టినవా? గోడలు గూడ గట్టకపోయినవా" అంది. తెర ముందు చాప వేస్తే కూర్చుంది. రబ్బరు మీటలను తడిమి చూసి, ఒక దాని మీద వేలు పెట్టుకుంది. అది తోలే మీట, నొక్కి ఉంచితే బండి నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. అటూ ఇటూ ఉన్న రెండు మీటలతో పిల్లలను అదిలించాలి.

ఆట మొదలైంది. హన్మవ్వ కళ్ళు చిట్లించింది. "ఎద్లేంది గిట్ల బలిసినయ్?"

దేవిదాస్ నాలుక కరుచుకున్నాడు. పాత టీవీ పొట్టిది, ఈ టీవీ పొడుగుది. బొమ్మను ఆ చివరి నుంచి ఈ చివరికి సాగదీస్తోంది. రిమోట్ తీసుకుని తెర కొలతను పాత పద్ధతికి మార్చాడు. ఎద్దులు చిక్కాయి, రోడ్డుకు రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగిలింది.

"గిప్పుడు మంచిగున్నయ్" అని ఆమె బండి తోలింది. పిల్లలు వచ్చారు. ఆమె అదిలించింది. అయినా గడలు పోతూనే ఉన్నాయి. రెండుసార్లు బండి ఖాళీ అయింది. ఖాళీ అయినప్పుడల్లా ఆట మళ్ళీ పొలం నుంచి మొదలవుతుంది.

"ఎద్లు మాట ఇంటలేవ్. నేను గొట్టినంక జరసేపటికి గొట్టినట్టయితున్నది" అంది హన్మవ్వ, చేతిని తిప్పి చూసుకుంటూ. "ముసల్దాన్నైన గద."

విజయశ్రీ ముఖం వాడిపోయింది. దేవిదాస్ మాత్రం ముందుకు జరిగాడు. "నీ చెయ్యి కాదవ్వా, గీ టీవీదే తప్పు" అన్నాడు. కొత్త టీవీ బొమ్మను చూపించే ముందు దాన్ని కాసేపు తుడిచి, సింగారించి గానీ బయటికి పంపదు. ఆ ఆలస్యం కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. లోపల సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఒకటుంటుంది. అది పెడితే సింగారం మానేసి వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. దేవిదాస్ అది వెతికి పెట్టాడు.

ఆ తరువాత హన్మవ్వ వేళ్ళను చూడాలి. కుడి పక్క పిల్లవాడు రోడ్డెక్కకముందే అదిలింపు తగులుతోంది. బండి తుమ్మచెట్టు దాటింది, కల్వర్టు మోరీ దాటింది. వెంకట్రావు గారు తాడు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. బండిలో బోలెడు గడలు మిగిలే ఉండగా, తెర పక్క నుంచి రెండు స్తంభాలు మెల్లగా లోపలికి వచ్చాయి. గేటు. చువ్వలు పైకి లేచాయి.

"చూశావా అక్కా" అంది విజయశ్రీ. "లోపలికి తోలు."

హన్మవ్వ మీట మీంచి వేలు తీసేసింది. బండి గేటు ముందు ఆగిపోయింది. ఆమె గేటును పైనుంచి కిందికి చూసింది.

"ఎప్పుడు గట్టినవ్ దీన్ని?"

విజయశ్రీ దేవిదాస్ వైపు చూసింది. దేవిదాస్ రిమోట్ వైపు చూశాడు.

"నువ్వు అప్పుడు ఉన్నదన్న గేటు గిది కాదు విజయా. అప్పుడు గేటే లేకుండె. అదే తుమ్మచెట్టు, అదే మోరి ఎన్నిసార్లొస్తయ్? నేను నిజం బండి తోలిన మనిషిని, తొవ్వ ఎర్కలేదా నాకు? వచ్చిన కొత్తల్నే ఎర్కైంది."

"మరి రోజూ ఎందుకు పోట్లాడేదానివి?" అంది విజయశ్రీ.

"పోట్లాట లేకుంటే మా అత్తకు ఏం జెప్పి రావాలె? 'గా ఆంధ్రపిల్ల అబద్ధమాడుతున్నది, ఇయ్యాల తేల్చుకొనొస్త' అని చెప్పి వస్తుంటి దినాం. గేటుంటే ఆట ఒడుస్తుండె. ఒడిస్తే నువ్వు ఒక్కదానివే గీ ఇంట్ల కూసొని ఏడ్తువు. నాకు ఎర్కలేదా?"

దేవిదాస్ రిమోట్‌ను మెల్లగా చాప పక్కన పెట్టాడు.

తెర మీద బండి గేటు ముందే నిలబడి ఉంది. అదిలించేవాళ్ళు లేరు కాబట్టి పిల్లలు రోడ్డు మీదికి వచ్చేశారు. ఒకడు గడ లాక్కుని పోయాడు. ఇంకొకడు వచ్చాడు.

"అక్కా, పోతున్నాయి. లోపలికి తోలు" అంది విజయశ్రీ, ఏడుపులోనే నవ్వుతూ.

"తిననియ్ పోరగాండ్లను" అంది హన్మవ్వ.

గడలన్నీ పోయాయి. బండి ఖాళీ అయింది. గేటు మాయమై, మళ్ళీ పొలమూ, నిండు బండీ వచ్చాయి. హన్మవ్వ చాప మీద పక్కకు జరిగి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని రబ్బరు మీట మీద పెట్టింది.

"ఈపారి నువ్వు తోలు. నువ్వు ఒక్కనాడు గూడ తోలలే. పోరగాండ్లను నేను సూస్త."